పాత రికార్డు మీద కొత్త గొంతు

1991 సెప్టెంబరు 24న న్యూయార్క్ నగరపు కుర్రాళ్ళు ముగ్గురు ఒక ఆల్బమ్ విడుదల చేశారు. బృందం పేరు ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’. ఆల్బమ్ పేరు ‘ది లో ఎండ్ థియరీ’. సరిగ్గా నాలుగు రోజులకు, 28న, జాజ్ సంగీతాన్ని ఎన్నోసార్లు కొత్త దారి పట్టించిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయన కూడా ఒక హిప్‌హాప్ నిర్మాతతో కలిసి పనిచేస్తున్నాడు. ఆ పని సగంలో ఆగిపోయింది. ఉన్నంతవరకూ సర్ది 1992లో ‘డూ-బాప్’ పేరుతో బయటికి తెచ్చారు.

అంటే అరవై అయిదేళ్ళ పెద్దాయన కుర్రాళ్ళ సంగీతం వైపు నడిచాడు. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాళ్ళు పెద్దల సంగీతం వైపు నడిచారు. పెద్దాయన చివరి ఆల్బమ్‌ని ఇవాళ వెతుక్కుని వినేవాళ్ళు తక్కువ. కుర్రాళ్ళ ఆల్బమ్ 2022లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. ముప్పై ఏళ్ళు దాటినా కొత్త పిల్లలు దాన్ని మొదటిసారి విని ఆగిపోతూనే ఉన్నారు. జాజ్‌ని కలుపుకున్న హిప్‌హాప్ ఆల్బమ్‌లు చాలా వచ్చాయి. అందులో కొన్ని ఎందుకు నిలిచాయి, కొన్ని ఎందుకు వెలిసిపోయాయి అన్నది చూద్దాం.

మన సంకలనంలో దీని గురించి ఎందుకు అంటారేమో. మన పిల్లల ఫోన్లలో ర్యాప్ ఉంది. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో దీపాలు ఆర్పేశాక చెవుల్లో మోగేది అదే. పిల్లలు వినేదాన్ని టీచరు తెలుసుకోకుండా కసురుకుంటే లాభం లేదు. ఇంకో సంగతి. ఆ బృందం పేరులో ‘ట్రైబ్’ అన్న మాట ఉందని మురిసిపోనక్కరలేదు. వాళ్ళు ఆ మాటను ఇష్టపడి పెట్టుకున్నారు. మనకది సర్టిఫికెట్‌లో వచ్చింది. అయితే వాళ్ళు, జంగిల్ బ్రదర్స్, డి లా సోల్ అనే మరో రెండు బృందాలు కలిసి ఏర్పరుచుకున్న కూటమి పేరు ‘నేటివ్ టంగ్స్’. పుట్టుభాషలు అని చెప్పుకోవచ్చు. బడి భాషలో కాకుండా తమ వీధి భాషలోనే పాడతామని ఆ పేరులోనే ఉంది. బడిలో కోయ, గోండి, సవర మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరం మనలో ఇంకా ఉంది కాబట్టి, ఆ పేరు బరువు మనకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

హిప్‌హాప్ పుట్టుక 1973 ఆగస్టు 11న అని లెక్క కడతారు. ఆ రోజు బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది హాలులో చెల్లెలు సిండీ పెట్టిన పార్టీలో కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. అతను జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం పిల్లవాడు. పాట మధ్యలో గొంతులన్నీ ఆగి ఉత్త డ్రమ్ములే మోగే చిన్న ముక్క ఉంటుంది. అక్కడే జనం ఎగబడి ఆడుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పడం అతను మొదలుపెట్టాడు. తర్వాత యంత్రాలు వచ్చాయి. పాత రికార్డులోంచి రెండు మూడు సెకన్ల ముక్క కోసి, దాన్ని గుండ్రంగా తిప్పి, దాని మీద మాటలు పలకడం పద్ధతి అయ్యింది. ఆ ముక్కనే శాంపిల్ అంటారు.

1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరింది. బడుల్లో వేలమంది టీచర్లను తీసేశారు. సంగీతం, చిత్రకళ నేర్పేవాళ్ళ మీద ఆ దెబ్బ గట్టిగా పడింది. అంతకుముందు తరాల నల్లజాతి పిల్లలకు బడి బ్యాండులో ఒక ట్రంపెటో క్లారినెటో చేతికి అందేది. వీళ్ళకు అందలేదు. ఇంట్లో నాన్న కొన్న రికార్డులు మాత్రం అటక మీద ఉన్నాయి. వాయిద్యం దొరకని పిల్లలు రికార్డునే వాయిద్యం చేసుకున్నారు.

ఇక ‘ది లో ఎండ్ థియరీ’ సంగతి. ఆల్బమ్ మొదలవడమే ఒక్క డబుల్ బాస్ తీగ మోగడంతో మొదలవుతుంది. నిలువెత్తు ఉండి, వేళ్ళతో మీటే ఆ పెద్ద వాయిద్యం గొంతు నేలలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ ముక్క ఆర్ట్ బ్లేకీ అనే డ్రమ్ముల పెద్దాయన బృందం 1973లో చేసిన రికార్డులోది. మూల పాట మూడేసి దెబ్బల లెక్కలో ఊగుతూ నడుస్తుంది. క్యూ-టిప్ దాన్ని నాలుగు దెబ్బల నడకకు సరిపెట్టాడు. లెక్క మారినా ఊపు పోలేదు. ఇది మీట నొక్కగానే అయ్యే పని కాదు. మన దగ్గర ఒక ఊరి దరువును ఇంకో ఊరి ఆటకు కలపాల్సి వచ్చినప్పుడు డోలి వాయించే పెద్దవాళ్ళు ఎంతసేపు తల పంకిస్తూ వింటారో చూసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ మొదటి పాటలో క్యూ-టిప్ వాళ్ళ నాన్న మాట ఒకటి చెబుతాడు. కొడుకు వింటున్న హిప్‌హాప్ వింటే ఆయనకు తన కాలపు బీబాప్ గుర్తొచ్చిందట. బీబాప్ 1940లలో హార్లెమ్‌లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, థెలోనియస్ మంక్ వంటివాళ్ళు పుట్టించిన జాజ్. అప్పట్లో దాన్నీ రొద అనే తీసిపారేశారు. ఈ చిన్న మాటతో ఆల్బమ్ మొత్తానికి పునాది పడింది. తండ్రి కొడుకు సంగీతాన్ని తిట్టలేదు. కొడుకు తండ్రి సంగీతాన్ని పాతదని విసిరేయలేదు. పాట సాగేకొద్దీ ఆ బాస్ కింద నిలబడి ఉంటుంది, పైన కొడుకు తన మాట తను చెప్పుకుంటూ పోతాడు. బాస్ చుట్టూ చాలా ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఇద్దరి ఊపిరీ వినిపిస్తుంది. ఈ ఖాళీ వదలడంలోనే ఆల్బమ్ గొప్పతనం ఉందని నా అంచనా. ఆ రోజుల్లో చాలా హిప్‌హాప్ శబ్దం మీద శబ్దం పేర్చి గోడ కట్టేది. వీళ్ళు గోడ తీసేశారు.

‘లో ఎండ్’ అంటే సంగీతంలో కింది స్థాయి, అంటే బాస్ మోగే చోటు. సమాజంలో నల్లజాతి మనిషిని కూర్చోబెట్టిన చోటు కూడా అదే. రెండర్థాలూ వాళ్ళు కావాలనే పెట్టారు. కింది చోటునే పాటకు ఆధారం చేశారు.

ఒక పాటకు మాత్రం శాంపిల్ చాలదనుకుని మనిషినే పిలిచారు. ఆయన రాన్ కార్టర్. 1963 నుంచి 68 దాకా మైల్స్ డేవిస్ పక్కన నిలబడి బాస్ వాయించినవాడు. చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్నాడు. నల్లజాతి పిల్లవాడికి ఆ వాయిద్యంతో అవకాశాలు ఇవ్వరని అర్థమై బాస్ పట్టుకున్నాడు. అంతటివాడు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ స్టూడియోకి వచ్చాడు. తాను వాయించే పాటలో బూతులు ఉండకూడదని షరతు పెట్టాడని చెబుతారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ పాట పేరు ‘వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్’. కార్టర్ అందులో తన గొప్ప చూపించుకోలేదు. కుర్రాడి మాట ఎక్కడ ఆగుతుందో విని అక్కడ ఒక స్వరం జారుస్తాడు, మళ్ళీ తగ్గుతాడు. పాట చివర క్యూ-టిప్ ఆయన పేరు పలుకుతాడు.

ఫైఫ్ డాగ్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. క్యూ-టిప్‌ది ముక్కుతో పలికే మెత్తటి గొంతు, ఆలోచిస్తూ నడిచే గొంతు. ఫైఫ్‌ది పక్కింటి పొట్టి కుర్రాడు గోడ మీద కూర్చుని కవ్వించే గొంతు. అతని తల్లి ట్రినిడాడ్ నుంచి వచ్చిన కవయిత్రి. ఒకరు పట్టు పడితే ఇంకొకరు విడుపు. మన దగ్గర ముందు పాడేవాళ్ళు, వంత పాడేవాళ్ళు ఒకరి మాట మీద ఒకరు విసుర్లు విసురుకునే పాటలు విన్నవాళ్ళు ఇక్కడ పరాయితనం అనుకోరు. ఫైఫ్ మధుమేహంతో బాధపడి 2016లో నలభై అయిదేళ్ళకే చనిపోయాడు.

లోపం కూడా చెప్పాలి. ఈ ఆల్బమ్‌లో ర్యాప్ పాడినవాళ్ళలో ఆడవాళ్ళు లేరు. ఆడవాళ్ళ మీద జరిగే బలవంతం గురించిన పాట ఒకటుంది. అది తీసుకున్న విషయం బరువును మోయలేక మధ్యలో చతికిలబడింది. తరగతిలో వినిపించదలచిన టీచర్లు ముందు తాము విని పాటలు ఎంచుకోవడం మంచిది. ఈ విషయంలో డిగబుల్ ప్లానెట్స్ బృందం నయం. ముగ్గురిలో ఒకరు లేడీబగ్ మెక్కా అనే యువతి. 1993లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో గర్భం విషయంలో నిర్ణయం స్త్రీదేనని చెప్పే పాట కూడా ఉంది. ఆర్ట్ బ్లేకీ బృందం రికార్డులోంచే తీసిన బాస్ ముక్క మీద కట్టిన వాళ్ళ ప్రసిద్ధ పాటకు గ్రామీ వచ్చింది.

పెద్దల సంగీతం తీసుకున్న ప్రతి ఆల్బమూ ఇలా నిలవలేదు. గ్యాంగ్ స్టార్ బృందపు గురు 1993లో ‘జాజ్‌మటాజ్’ మొదటి భాగం తెచ్చాడు. ఇందులో శాంపిళ్ళతో సరిపెట్టకుండా డొనాల్డ్ బర్డ్, రాయ్ ఏయర్స్, లానీ లిస్టన్ స్మిత్ వంటి పెద్దలనే కూర్చోబెట్టి వాయింపించాడు. కాగితం మీద చూస్తే ఇదే గొప్ప ప్రయోగం కావాలి. వినడానికి బాగానే ఉంటుంది కూడా. కానీ చాలాచోట్ల గురు పాడటం ఆపాక పెద్దాయన వాయిస్తాడు, పెద్దాయన ఆపాక గురు పాడతాడు. సభకు పిలిచి, శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. గౌరవం ఉంది, మాటామంతీ తక్కువ. మైల్స్ డేవిస్ ‘డూ-బాప్’ బాధ ఇదే, అటునుంచి. ఆయన ట్రంపెట్ ఎక్కడికక్కడ అందంగానే ఉంది. కింద వేసిన బీటు మాత్రం ఆయన వాయించేదాన్ని వింటున్నట్టు అనిపించదు.

లండన్ బృందం ‘అస్ త్రీ’ కథ ఇంకో రకం. బ్లూ నోట్ అనే పేరుమోసిన జాజ్ కంపెనీ తన పాత రికార్డుల గది తలుపులు వీళ్ళకు తెరిచింది. హెర్బీ హ్యాంకాక్ 1964 నాటి పియానో ముక్క మీద కట్టిన ‘కాంటలూప్’ అనే పాట అమెరికా మొదటి పది పాటల్లోకి వెళ్ళింది. వినగానే కాలు ఆడుతుంది. రెండోసారి వింటే మొదటిసారి విన్నదే వినిపిస్తుంది. హ్యాంకాక్ ముక్కను తీసి పక్కన పెడితే పైన పాడినవాడికి చెప్పుకోవడానికి సొంత మాట ఏముంది అని అడిగితే జవాబు కష్టం. ఖరీదైన హోటళ్ళలో సన్నగా మోగుతూ ఉండటానికి అది బాగా పనికొస్తుంది.

నిలిచిన వాటిలో మాత్రం పాత ముక్క తీసేస్తే పాట కూలిపోతుంది. పైమాట తీసేసినా కూలిపోతుంది. నాస్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడి ‘ఇల్మాటిక్’ 1994లో వచ్చింది. నలభై నిమిషాలు కూడా ఉండదు. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో తుపాకులు, మత్తుమందుల మధ్య పెరిగినవాడు ఊపిరి తీసుకోకుండా చెప్పే కథలు అవి. ఒక పాటలో ఇరవయ్యేళ్ళ దాకా బతికినందుకే ఆశ్చర్యపడతాడు. ఆ పాట చివర కార్నెట్ మోగుతుంది. వాయించింది నాస్ తండ్రి ఓలు దారా, మిసిసిపీ నుంచి వచ్చిన జాజ్ వాద్యకారుడు. నాస్ చిన్నప్పుడే ఆయన కుటుంబానికి దూరమయ్యాడు. ఇంట్లో లేని తండ్రి కొడుకు పాట చివర వచ్చి, ఒక్క మాట లేకుండా వాయించి పోతాడు. అక్కడ జాజ్ శైలి ఎవరికి గుర్తుంటుంది?

పెద్దలందరూ ఈ కలయికకు ఒప్పుకున్నారని కాదు. విన్‌టన్ మార్సాలిస్ ర్యాప్‌ని బహిరంగంగానే ఈసడించాడు. ఆయన అన్న బ్రాన్‌ఫర్డ్ 1990లోనే గ్యాంగ్ స్టార్‌తో కలిసి పనిచేశాడు. ఒకే ఇంట్లో రెండు మాటలు.

ఇంతవరకూ ప్రేమగా చెప్పాను. ఇప్పుడు అప్పు సంగతి. ముక్క కోసుకున్నవాడు పెద్దయ్యాడు, మరి ముక్క ఎవరిదో వాళ్ళకేం దక్కింది? 1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టు బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసులో అనుమతి లేకుండా శాంపిల్ వాడటం దొంగతనమేనని తేల్చింది. అప్పటినుంచి ప్రతి ముక్కకూ అనుమతి కాగితం, డబ్బు తప్పలేదు. న్యాయమేగా అనిపిస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతికి చేరింది అని చూస్తే కథ మారుతుంది.

జేమ్స్ న్యూటన్ అని నల్లజాతి వేణు వాద్యకారుడు ఉన్నాడు. ‘క్వయర్’ అని ఒక రచన చేసి 1981లో రికార్డు చేశాడు. ఆర్కన్సాలోని ఒక పల్లె చర్చిలో నల్లజాతి స్త్రీలు నలుగురు పాడిన జ్ఞాపకమే దానికి మూలం. వేణువు ఊదుతూ అదే శ్వాసలో గొంతు కూడా కలిపి పాడతాడు. ఒక్క మనిషిలోంచి పలు గొంతులు లేస్తాయి. 1992లో బీస్టీ బాయ్స్ అనే తెల్లజాతి హిప్‌హాప్ బృందం దానిలోంచి ఆరు సెకన్ల ముక్క తీసి తమ పాటలో మళ్ళీ మళ్ళీ తిప్పింది. రికార్డు హక్కులున్న కంపెనీకి డబ్బు కట్టారు. రచయితగా న్యూటన్‌ను అడగలేదు. ఆయన కేసు వేశాడు, ఓడిపోయాడు. 2003లో అప్పీలు కోర్టు చెప్పింది ఏమంటే, రాసిన స్వరలిపిలో చూస్తే ఆ ముక్కలో ఉన్నవి మూడే స్వరాలు, కింద ఒక నిలువు స్వరం. అంత చిన్నదానికి రచన హక్కు వర్తించదు అని. ఆయన ఊపిరి, గొంతు, ఆ చర్చి స్త్రీల జ్ఞాపకం, ఇవన్నీ రికార్డులో ఉన్నాయి. రికార్డు కంపెనీ చేతిలో ఉంది. కాగితం మీద మిగిలింది మూడు స్వరాలు.

ఈ తీర్పును మన టీచర్లు, రాసే పిల్లలు ఒకటికి రెండుసార్లు చదవాలి. మన పాటలకు ఆ మూడు స్వరాల కాగితం కూడా లేదు. పాడే అవ్వ గొంతులో ఉన్న వణుకు, పెప్రె ఊదేవాడు బుగ్గల్లో దాచుకున్న గాలి, ఇదే మన రచన అంతా. ఇవాళ ఎవరైనా ఫోనుతో ఊరికి వచ్చి అవ్వ పాట పట్టుకుపోయి, కింద ఒక బీటు వేసి, యూట్యూబ్‌లో పెట్టి, కింద ‘జానపదం’ అని ఒక్క మాట రాస్తే సరిపోతోంది. ఆ పని చేసేవాళ్ళు అందరూ బయటివాళ్ళే కూడా కాదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994 సవరణతో పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు వాళ్ళ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. వాళ్ళ అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. ఈ సంగతి అవ్వకు ఎవరు చెప్పారు?

చట్టం రాకముందే మనవాళ్ళకు ఈ లెక్క తెలుసు. ఆదిలాబాద్ వైపు గోండుల వంశకథలు పాడేది పర్ధాన్లు. కిక్రి వాయిస్తూ ఒక్కో వంశం పుట్టుక, దేవతల సంగతి చెబుతారు. ఆ కథ గోండు కుటుంబానిదే, ఆ పాట పర్ధానుది. పాడినందుకు ధాన్యమో పశువో డబ్బో ఇవ్వడం దానం కింద లెక్క కాదు, అతని వాటా. ఆ ఏర్పాటులోనూ హెచ్చుతగ్గులు ఉన్నాయి, దాన్ని బంగారు కాలంగా చెప్పబోవడం లేదు. పాటకు బాకీ ఉంటుందన్న తెలివిడి మాత్రం అందులో ఉంది.

అప్పు తీర్చే దారి డబ్బొక్కటే కాదని చూపిన ఆల్బమ్ 2015 మార్చిలో వచ్చింది. కెండ్రిక్ లమార్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’. ఇది సులువుగా వినే ఆల్బమ్ కాదు. కోపం, సిగ్గు, తాగుడు, పేరు వచ్చాక ఊరిని వదిలేశానన్న బాధ, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. జాజ్ ఇక్కడ మెత్తగా జోలపాడదు, తోస్తుంది, అరుస్తుంది. అందులోని ‘ఆల్‌రైట్’ అనే పాటను ఆ ఏడాదే పోలీసు హత్యలకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన జనం నినాదం చేసుకున్నారు. శాంపిళ్ళు ఉన్నా, ఆల్బమ్‌కు ప్రాణం పోసింది లాస్ ఏంజెలెస్ వాద్యకారులు: శాక్సఫోన్ కమాసీ వాషింగ్టన్, టెరెస్ మార్టిన్, బాస్ గిటారు థండర్‌క్యాట్, పియానో రాబర్ట్ గ్లాస్పర్. గ్లాస్పర్ హ్యూస్టన్ నుంచి వచ్చినవాడు. మిగతా ముగ్గురూ ఒకే టీచరు చేతుల్లోంచి వచ్చినవాళ్ళు.

ఆయన పేరు రెజీ ఆండ్రూస్. వాట్స్ ప్రాంతంలోని లాక్ హైస్కూల్లో సంగీతం టీచరు. వాట్స్ పేదల పేట, 1965లో తిరుగుబాటు జరిగిన చోటు. ఆండ్రూస్‌కు బయట సంగీత పరిశ్రమలో మంచి పేరే ఉంది. 1982లో ఆయన కలిసి రాసి నిర్మించిన పాట ఒకటి దేశమంతా మోగింది. అయినా బడి వదల్లేదు. పలు బడుల పిల్లల్ని ఒకచోట చేర్చి ఒక జాజ్ బృందం కట్టాడు. న్యూయార్క్ బడుల్లో 1975లో తెగిపోయిన తీగను ఇక్కడ ఒక టీచరు తెగకుండా పట్టుకున్నాడు. ఆ పిల్లలు పాత జాజ్‌నీ, తమ వీధి హిప్‌హాప్‌నీ ఒకే మధ్యాహ్నం వాయించేవాళ్ళు, వాళ్ళకవి రెండు వేరు ముక్కలు కాలేదు. కెండ్రిక్ ఆల్బమ్ వచ్చిన రెండు నెలలకు, 2015 మేలో, కమాసీ వాషింగ్టన్ ‘ది ఎపిక్’ అని మూడు డిస్కుల ఆల్బమ్ తెచ్చాడు. దాదాపు మూడు గంటల పాటు అచ్చంగా జాజే. కెండ్రిక్ పాటల కోసం వచ్చిన కుర్రకారు చాలామంది దాన్ని కూడా చివరిదాకా విన్నారు. ఆండ్రూస్ 2022లో చనిపోయాడు.